బొందలగడ్డ నుంచి లేచిన రాక్షసుడు

పిల్లలూ! శుక్రాచార్యుడి కథ మీరు వినే ఉంటారు. దేవతలకూ రాక్షసులకూ యుద్ధం జరిగేది. యుద్ధంలో చచ్చిన రాక్షసులను శుక్రాచార్యుడు మృతసంజీవని విద్యతో మళ్ళీ లేపి కూర్చోబెట్టేవాడు. దేవతలు ఎంతమందిని చంపితే ఏం లాభం? అవతలి సైన్యం తరగదు కదా! చివరికి ఆ విద్య నేర్చుకు రమ్మని దేవతలు కచుణ్ణి పంపవలసి వచ్చింది.

చనిపోయిన వాళ్ళు లేచి రావటం కథలోనే జరుగుతుంది. కాని ఇదే ఉపాయంతో ఆడే ఒక పత్తాల ఆట ఉంది. పత్తాలంటే పేకముక్కలే. కోస్తా వైపు పేక అంటారు, మన నల్లగొండ, పాలమూరు వైపు పత్తాలంటాం. ఈ ఆటలో గెలవటానికి మంత్రాలు రానక్కరలేదు, లెక్కలు రావాలి. అందులోనూ పదో తరగతిలో చదివే సంభావ్యత రావాలి. ఆ లెక్క తెలిసిన వాడికి ఆటలోనే కాదు, పొలంలో కూడా ఒక మేలు జరుగుతుంది. అదేమిటో చివర చెబుతాను.

లెక్కల మాస్టారు కనిపెట్టిన ఆట

ఆ ఆట పేరు ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’. కనిపెట్టినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్. ఆయన గణితంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు, కాలేజీలో లెక్కలు చెప్పాడు. 1993లో ఈ ఆట అచ్చయి బజారులోకి వచ్చింది.

మామూలు పత్తాల కట్టలో 52 ముక్కలుంటాయి. అందరికీ కలిపి ఒకటే కట్ట. ఇక్కడ అలా కాదు. వేల రకాల ముక్కల్లోంచి ఎవరి కట్టను వాళ్ళే ఏరి తయారు చేసుకోవాలి. కట్టలో కనీసం 60 ముక్కలుండాలి. మామూలు (బేసిక్) భూమి ముక్కలు ఎన్నైనా పెట్టుకోవచ్చు. మిగతా ఏ ముక్కనైనా నాలుగుకు మించి పెట్టుకోరాదు. అంటే ఆట సగం ముక్కలు పంచక ముందే, కట్ట కట్టేటప్పుడే జరిగిపోతుంది!

ఇక ఆట ఎలా సాగుతుందో చూద్దాం. ప్రతి ఆటగాడికీ 20 ప్రాణాలు. మొదట చేతిలోకి 7 ముక్కలు తీసుకుంటాడు. తన వంతు వచ్చినప్పుడల్లా ఒక భూమిని పరచవచ్చు. ఒక్కొక్క భూమి ప్రతి వంతుకూ ఒక పాలు శక్తిని ఇస్తుంది. ఆ శక్తి ఖర్చు పెట్టి మంత్రాలు వేయాలి, జంతువులనూ రాక్షసులనూ రప్పించాలి. అవతలివాడి ప్రాణాలు సున్నాకు తెస్తే గెలుపు. వాడిన మంత్రాలు, చచ్చిన జీవులు, చేతిలోంచి పారేసిన ముక్కలు అన్నీ ఒక పక్క కుప్పగా పడతాయి. ఆ కుప్పకు ఆటలో ఉన్న పేరు శ్మశానం. మన మాటలో బొందలగడ్డ.

దొడ్డిదారి

ఆటలో గ్రిసెల్‌బ్రాండ్ అనే రాక్షసుడు ఉన్నాడు. 2012లో వచ్చిన ముక్క. ఒక్క దెబ్బకు 7 ప్రాణాలు తీస్తాడు, అన్ని ప్రాణాలనూ తన యజమానికి కలుపుతాడు. మరి ఇంత బలవంతుడు ఊరికే వస్తాడా? అతన్ని రప్పించటానికి 8 పాళ్ళ శక్తి కావాలి. వంతుకు ఒక్క భూమే కదా పరిచేది! ప్రతి వంతులోనూ భూమి దొరికినా సరే, 8వ వంతు దాకా ఆగాలి. వచ్చిన వంతులో కొట్టలేడు. కాబట్టి 9, 10, 11 వంతుల్లో కొడతాడు. ఏడు మూళ్ళు 21. అనగా 11వ వంతుకు గెలుపు. అంతవరకు అవతలివాడు చేతులు కట్టుకు కూర్చుంటాడా?

ఇప్పుడు దొడ్డిదారి చూడండి. ‘ఎన్‌టూమ్’ అనే ముక్క 2001లో వచ్చింది. దాని ఖర్చు ఒక్క పాలు. కట్ట మొత్తం వెదికి మనకు కావలసిన ఒక ముక్కను నేరుగా బొందలగడ్డలో పడేస్తుంది. ‘రీయానిమేట్’ అనే ముక్క 1997 నాటిది. దీని ఖర్చూ ఒక్క పాలే. బొందలగడ్డలో ఉన్న జీవిని లేపి ఆటలోకి తెస్తుంది. లేచిన జీవి అసలు ఖర్చు ఎంతో, అన్ని ప్రాణాలు మనం పోగొట్టుకోవాలి.

మొదటి వంతులో ఒక భూమి పరిచి, ఎన్‌టూమ్‌తో గ్రిసెల్‌బ్రాండ్‌ను పాతిపెట్టాం. రెండో వంతులో అదే భూమి మళ్ళీ ఒక పాలు శక్తి ఇచ్చింది. దానితో రీయానిమేట్ వేశాం. రాక్షసుడు లేచాడు! మన 20 ప్రాణాల్లో 8 పోయి 12 మిగిలాయి. పోతే పోయాయి. మూడో వంతులో మొదటి దెబ్బ కొట్టగానే 7 తిరిగి వస్తాయి. 3, 4, 5 వంతుల్లో మూడు దెబ్బలు. 11వ వంతులో రావలసిన గెలుపు 5వ వంతులోనే వచ్చింది.

గమనించారా? పారేసిన ముక్క నష్టం అని మనం అనుకుంటాం. ఇక్కడ పారేయటమే పెట్టుబడి. దీన్ని ఆటగాళ్ళు ‘రీయానిమేటర్’ కట్ట అంటారు.

మూడు ముక్కలు కలిసి వస్తాయా?

ఉపాయం బాగానే ఉంది. కాని భూమి ఒకటి, పాతేది ఒకటి, లేపేది ఒకటి, ఈ మూడూ చేతికి రావాలి. కట్టలో 60 ఉంటే చేతిలోకి వచ్చేవి 7. ఇక్కడే మన లెక్క మొదలవుతుంది.

పాతే ముక్కలు కట్టలో 4 ఉన్నాయనుకోండి. ఏడింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం ఎంత? నేరుగా లెక్కించటం కష్టం. తిరగేసి అడుగుదాం: ఒక్కటీ రాకపోయే అవకాశం ఎంత? మొదట తీసిన ముక్క అది కాకపోవటానికి అవకాశం 60లో 56. తరువాత మిగిలిన 59లో 55. ఆపైన 58లో 54. ఇలా ఏడు భిన్నాలను గుణిస్తే సుమారు 0.60 వస్తుంది. అంటే వందసార్లు పంచితే 60 సార్లు రాదు. వచ్చేది 40 సార్లే.

మరి అలాంటి పనే చేసే ముక్కలు ఇంకో 4 వేరే పేరుతో చేర్చి 8 చేస్తే? రాని అవకాశం 52/60, 51/59, 50/58 ఇలా ఏడు భిన్నాల లబ్ధం. అది సుమారు 0.35. వచ్చే అవకాశం 65 శాతం. ముక్కలు రెట్టింపయ్యాయి, అవకాశం మాత్రం రెట్టింపు కాలేదు! 12 పెడితే 81 శాతం. మొదటి నాలుగూ 40 ఇచ్చాయి, రెండో నాలుగు 25 ఇచ్చాయి, మూడో నాలుగు 16 మాత్రమే ఇచ్చాయి. ఎరువు విషయంలోనూ ఇంతే. మొదటి బస్తాకు పెరిగినంత పంట రెండో బస్తాకు పెరగదు.

ఇప్పుడు పాతేవి 8, లేపేవి 12 పెట్టాం. లేపేవాటిలో రీయానిమేట్ నాలుగు, యానిమేట్ డెడ్ నాలుగు, ఎగ్జ్యూమ్ నాలుగు ఉండవచ్చు. రెండు రకాలూ చేతికి వచ్చే అవకాశం ఎంత? 65నూ 81నూ గుణిస్తే 53 శాతం వస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. సమితుల పాఠం గుర్తు తెచ్చుకోండి. వంద పంపకాల్లో పాతేది రానివి 35, లేపేది రానివి 19. ఈ రెంటిలోనూ లెక్కకు వచ్చినవి, అంటే రెండూ రానివి 5. కాబట్టి చెడిన పంపకాలు 35 + 19 – 5 = 49. మిగిలినవి 51. గుణిస్తే ఎందుకు తప్పింది? చేతిలో ఉన్నవి ఏడే చోట్లు. ఒక రకం ముక్క ఒక చోటు ఆక్రమిస్తే రెండో రకానికి ఆరు చోట్లే మిగులుతాయి. ఒకదాని ప్రభావం రెండోదాని మీద ఉన్నప్పుడు ఊరికే గుణించరాదు.

భూమి ముక్కలు 20 పెట్టి, అవి కూడా రావాలంటే ఆ 51 కాస్తా 47 అవుతుంది.

మరి రాక్షసులు ఎందరు కావాలి? బలవంతులు కదా అని పది మందిని పెడతారు తెలియనివాళ్ళు. పాతే ముక్క కట్టలోంచి వెదికి తెస్తుంది కాబట్టి రాక్షసుడు చేతికి రానక్కరలేదు. వస్తే చేతిలో చోటు దండుగ! నలుగురు చాలు. నలుగురూ చేతికే వచ్చి కట్టలో ఒక్కడూ లేకుండా పోయే ప్రమాదం సుమారు 14 వేల పంపకాల్లో ఒక్కసారి. చూశారా, అందరికన్నా బలమైన ముక్కనే అన్నిటికన్నా తక్కువగా పెట్టాలి.

మీరే చేసి చూడండి

ఈ ఆట ముక్కలు కొనవద్దు. అవి మూసిన పొట్లాల్లో వస్తాయి. లోపల ఏముందో విప్పితే కాని తెలియదు. మంచి ముక్క కోసం పొట్లం మీద పొట్లం కొనటం కూడా ఒక జూదం లాంటిదే. ఇంట్లో పాత పెళ్ళి పత్రికలు ఉంటాయి కదా! వాటిని సమానంగా 60 ముక్కలు కత్తిరించండి. 20 ముక్కల మీద ‘భూ’, 8 మీద ‘పా’, 12 మీద ‘లే’, 4 మీద ‘రా’ అని రాయండి. మిగిలిన 16 మీద మీకు తోచిన రక్షణ మంత్రాలు రాసుకోండి.

బాగా కలపండి. ఎన్నిసార్లు కలిపితే బాగా కలిసినట్టు? కట్టను రెండు భాగాలు చేసి, అంచులు ఒకదానిలోకి ఒకటి జారవిడిచే పద్ధతిలో 52 ముక్కల కట్టకు దాదాపు 7 సార్లు కావాలని డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే గణితవేత్తలు 1992లో చూపించారు. పెళ్ళి పత్రిక మందం కాబట్టి అలా జారదు. చాప మీద పరిచి రెండు చేతులతో కలియబెట్టండి.

ఇప్పుడు ఏడు ముక్కలు తీసి చూడండి. భూ, పా, లే మూడూ ఉంటే ఒక గీత గీయండి. ముక్కలన్నీ తిరిగి కట్టలో వేసి కలిపి మళ్ళీ తీయండి. ఇలా వందసార్లు చేయండి. ఒకరికి 40 రావచ్చు, ఇంకొకరికి 55 రావచ్చు. లెక్క తప్పని కంగారు పడకండి. తరగతిలో పదిమంది కలిసి వెయ్యి పంపకాల లెక్క కూడితే నూటికి 47 దగ్గరకు వచ్చి చేరుతుంది. ప్రయోగాలు పెరిగే కొద్దీ సగటు అసలు సంభావ్యతకు దగ్గరవుతుందని జేకబ్ బెర్నూలీ నిరూపించాడు. ఆయన పుస్తకం 1713లో, ఆయన పోయిన తరువాత అచ్చయింది. ఇలా అవకాశాన్ని శాస్త్రంగా మలిచిన పెద్దల్లో మన తెలుగువాడు సి.ఆర్. రావు కూడా ఉన్నాడు. 1920లో పుట్టిన ఆయనకు 2023లో, నూరేళ్ళు దాటాక, అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది.

ఇంకొక మాట. మొదటి ఏడు ముక్కలు నచ్చకపోతే ఈ ఆటలో కట్టలో కలిపేసి మళ్ళీ ఏడు తీసుకోవచ్చు. అందుకు శిక్షగా ఒక ముక్కను కట్ట అడుగున పెట్టాలి. కట్ట కొత్తగా కలిసింది కాబట్టి మొదటి పంపకం ప్రభావం రెండోదాని మీద లేదు. ఇప్పుడు గుణించవచ్చు! రెండుసార్లూ చెడే అవకాశం 0.53 × 0.53, అంటే 0.28. కనీసం ఒకసారి కుదిరే అవకాశం 72 శాతం.

అన్నీ ఒకే సాలులో వేస్తే

ఇంత గొప్ప కట్టకు విరుగుడు లేదా? ఉంది. ‘టార్మాడ్స్ క్రిప్ట్’ అనే ముక్క 1994లోనే వచ్చింది. దాని ఖర్చు సున్నా. దాన్ని వాడితే మన బొందలగడ్డ అంతా ఖాళీ! పాతిన రాక్షసుడు ఇక ఎన్నటికీ రాడు. అందుకే తెలివైన ఆటగాడు ఒక్క ఉపాయం మీదనే ఆధారపడడు. మన పెద్దలు జొన్న చేనులో కంది సాళ్ళు ఎందుకు వేసేవారు? ఒకటి పోతే ఒకటైనా చేతికి వస్తుందని. ఆ 16 రక్షణ ముక్కలు మన కంది సాళ్ళు.

పడేయటంలో నేర్పు ఉందన్న సంగతి మన న్యాయస్థానాలకు కూడా తెలుసు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో, 1968లో సుప్రీంకోర్టు రమ్మీని నేర్పుతో కూడిన ఆట అన్నది. ఏ ముక్క ఉంచుకోవాలి, ఏది పడేయాలి అన్నదాంట్లో నేర్పు ఉందని చెప్పింది. అలాగని డబ్బు పెట్టి ఆడమని కాదు సుమా! ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీ వల్ల కుటుంబాలు గుల్ల కావటం చూసి, 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం సవరించి దాన్ని నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. పెళ్ళి పత్రికల కట్టతో ఓడిపోతే పోయేది అరగంట మాత్రమే.

నాలుగో బోరు

ఇక మొదట చెప్పిన పొలం సంగతికి వద్దాం. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలు ఇప్పుడు ఎన్నో జిల్లాలుగా విడిపోయాయి. నేల మాత్రం మారలేదు. కింద ఉన్నది చాలావరకు గ్రానైటు, నైసు రాయి. ఇసుకలో లాగా అందులో నీరు అంతటా నిలవదు. పైన మెత్తబడిన పొరలోనూ, కింద రాతి పగుళ్ళలోనూ నిలుస్తుంది. పగులు తగిలితే నీళ్ళు, లేకపోతే దుమ్ము.

మన ఊళ్ళలో తరచు వినే మాట ఒకటుంది: “మూడు బోర్లు ఎండినయి, నాలుగోది పడక మానదు.” ఆ మాట మీద అప్పు తెచ్చి నాలుగోది వేస్తారు. తరువాత ఐదోది. ఈ మాట నిజమేనా? మూడు సందర్భాలు పోల్చి చూడండి.

నాణెం మూడుసార్లు బొరుసు పడింది. నాలుగోసారి బొమ్మ పడే అవకాశం పెరిగిందా? లేదు. సగానికి సగమే. నాణేనికి జ్ఞాపకం లేదు.

60 ముక్కల కట్టలో మనకు కావలసినవి నాలుగు. మూడు తీశాం, ఒక్కటీ రాలేదు. ఇప్పుడు అవకాశం 57లో 4. మొదట 60లో 4 ఉండేది. ఇక్కడ నిజంగానే కొద్దిగా పెరిగింది. ఎందుకు? పనికిరాని ముక్కలు మూడు కట్టలోంచి తొలగిపోయాయి, మంచివి నాలుగూ లోపలే ఉన్నాయని మనకు ఖాయంగా తెలుసు.

మరి బోరు? పొలం కింద ‘నాలుగు పగుళ్ళున్నాయి’ అని ఎవరైనా లెక్క పెట్టి పాతిపెట్టారా? లేదు. ఉన్నాయో లేవో తెలియని కట్ట అది. దగ్గర దగ్గరగా మూడు బోర్లు ఎండితే, నాలుగోదానికి అవకాశం పెరగటం మాట అటుంచి, అక్కడి రాయి గట్టిదన్న అనుమానం పెరగాలి. అంటే అవకాశం తగ్గిందనుకోవాలి! కట్ట లెక్కను పొలానికి వర్తింపజేయటమే పొరపాటు. ఆ పొరపాటు ఖరీదు ఒక కుటుంబం మోయలేనంత కావచ్చు.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలబడ్డ చోట నీళ్ళున్నాయని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు చెప్పగా పడిన బోర్లను ఊరంతా చెప్పుకుంటుంది, ఎండిన వాటిని ఎవరూ చెప్పుకోరు. మీరు ఒక పని చేయండి. మీ ఊళ్ళో వేసిన బోర్లన్నిటి పట్టిక రాయండి. చోటు, లోతు, పడిందా ఎండిందా, ఎవరు చూపించారు, ఇవి చాలు. నూటికి ఎన్ని పడ్డాయో అప్పుడు తెలుస్తుంది. బోరు వేసే ముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. భూగర్భ జలశాఖలో భూమిలోకి కరెంటు పంపి రాతి పొరలను అంచనా కట్టే నిపుణులున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు “నాలుగోది పడక మానదు” అన్నప్పుడు, ఎదురు మాట్లాడినట్టు కాకుండా, ఆ పట్టిక వాళ్ళ ముందు పెట్టండి.

అన్నట్టు, ఎండిన బోరును పారేసిన ముక్కగా లెక్క కట్టనక్కరలేదు. వానాకాలంలో పొలం మీద పారిపోయే నీటిని దాని పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి మళ్ళించి, కంకరా ఇసుకా గుండా వడగట్టి లోపలికి ఇంకిస్తే, ఒకప్పుడు నీళ్ళిచ్చి ఎండిన బోరు మళ్ళీ పోసే వీలుంది. పగులే తగలని బోరు మాత్రం లేవదు. కట్టలో లేని ముక్కను ఏ మంత్రమూ లేపలేదు కదా! అలాంటి దాని నోరు గట్టిగా మూసివేయించండి, చిన్నపిల్లలు పడే ప్రమాదం ఉంది.

చివరగా ఒక చిన్న ప్రశ్న. 60 ముక్కల కట్టలో మీకు కావలసినవి 4. ఇరవై ముక్కలు తీసినా ఒక్కటీ రాలేదు. ఇరవయ్యొకటో ముక్క అది అయ్యే అవకాశం ఎంత? నూటికి పది అన్నవాళ్ళు సరిగ్గా చెప్పారు. అదే ప్రశ్నను ఇరవైసార్లు వేసిన నాణెం గురించి అడిగితే ఏం చెబుతారు? బోరు గురించి అడిగితే? మూడింటికీ ఒకే జవాబు చెప్పనివాడికి సంభావ్యత పాఠం వచ్చినట్టే.